పన్నా తెలియని గుడ్డ

“హాల్లో నీ పక్క కుర్చీలో కూర్చున్న పిల్లకి ఫిట్స్ వస్తేనో?” అని అడిగాను.

మా అమ్మాయి పుస్తకంలోంచి తల ఎత్తలేదు. “వస్తే?”

“నువ్వు చూస్తూ ఊరుకోవు. లేచి పట్టుకుంటావు. నువ్వు లేవగానే, అదిగో కాపీ కొడుతోందని బయటికి పంపేస్తారు. అసలే ఇది ఆఖరిసారి.”

“పరీక్ష ఇంకా నలభై రోజులుందమ్మా. ముందు నన్ను హాల్లోకి వెళ్లనీ.”

నా భయాల్లో తొంభై పాళ్లు ఉత్తవేనని నాకూ తెలుసు. కానీ ఆఖరిసారి అన్నది మాత్రం భయం కాదు, నిజం. నీటి సరఫరా కార్యాలయంలో గణాంకాల విభాగానికి మనుషుల్ని తీసుకునే పరీక్ష అది. రెండేళ్లకోసారి పెడతారు. ముప్పై రెండు దాటితే రాయనివ్వరు. మా అమ్మాయికి ఆ ఏడే ముప్పై రెండు నిండుతాయి. ఇదివరకు ఒకసారి నాలుగు మార్కుల్లో పోయింది, ఇంకోసారి రెండు మార్కుల్లో. మందుల గోదాములో పెట్టెలు సరిచూసే పని చేస్తూ, పొద్దస్తమానం నిలబడి, ఆ వయసుకే కాళ్ల మీద నరాలు ఉబ్బాయి. కూర్చుని, తల పెట్టి చేసే పని ఒకటి కావాలని దాని పట్టుదల.

నేను చదివింది ఏడో తరగతి. యూనిఫారాలు కుట్టే షాపులో ఇరవై రెండేళ్లుగా కటింగ్ చేస్తున్నాను. మిషన్ల మీద పదకొండు మంది ఉంటారు, కత్తెర పట్టేది నేనొక్కదాన్నే. అందుకని అందరూ మాస్టరమ్మ అంటారు. మా ఆయనది ఓడలో వంటపని. ఏడాదికి రెండు నెలలు ఇంట్లో ఉంటారు. తక్కిన పది నెలలూ ఆ ఓడ నా తలలో మునుగుతూనే ఉంటుంది.

మా అమ్మాయి పెరిగింది నా కటింగ్ బల్ల కిందే. చిన్నప్పుడు గుడ్డపీలికలతో ఆడుకుంది. ఇప్పుడు సాయంత్రం ఆరింటికి మిషన్ల వాళ్లు వెళ్లిపోగానే బల్ల మీద పుస్తకాలు పరుస్తుంది. వెడల్పాటి బల్ల, పైన రెండు పెద్ద దీపాలు. ఇంట్లో అంత వెలుతురు లేదు.

ఆ పరీక్షలో రెండుసార్లూ దాన్ని దెబ్బకొట్టినవి ఒక రకం ప్రశ్నలే. ఒక ప్రశ్న ఇచ్చి, కింద రెండు వాక్యాలు ఇస్తారు. ప్రశ్నకి జవాబు చెప్పమనరు. జవాబు చెప్పడానికి ఈ వాక్యాలు చాలుతాయా అని మాత్రం అడుగుతారు. ఒకటో వాక్యం ఒక్కటే చాలితే మొదటి గడి నింపాలి, రెండోది ఒక్కటే చాలితే రెండో గడి. రెండూ కలిస్తేనే చాలేట్టయితే మూడోది, రెండిట్లో ఏది తీసుకున్నా అదొక్కటే చాలితే నాలుగోది. రెండూ కలిపినా చాలకపోతే ఐదోది. తప్పు పెడితే వచ్చిన మార్కుల్లోంచి పావు మార్కు కోసేస్తారు.

“పోయినసారి నేను చేసిన పొరపాటేంటో తెలుసా? ఒక్కోదానికీ జవాబు కనుక్కుంటూ కూర్చున్నాను. వాళ్లు అడగని పని చేశాను. టైమంతా దానికే పోయింది” అంది మా అమ్మాయి.

“అంటే వండక్కర్లేదు, సరుకులున్నాయో లేదో చూసి చెబితే చాలన్నమాట.”

“అంతే.”

“అయితే ఇది పొద్దున్నే నేను చీటీలు చూడటమే కదే.”

అది పుస్తకం మీద నుంచి కళ్లు తీసి నా వంక చూడటం ఆ సాయంత్రానికి అదే మొదలు.

మా షాపులో ఒక పద్ధతి ఉంది. కత్తెర పట్టే ముందు ఆ రోజు చీటీలన్నీ చదువుతాను. చీటీలో ఉన్న కొలతలతో గుడ్డ కొయ్యొచ్చా లేదా, అదొక్కటే చూస్తాను. చాలితే గోడకున్న కుడి మేకుకి గుచ్చుతాను, చాలకపోతే ఎడమ మేకుకి. ఎడమ మేకు చీటీలు మా యజమాని గొణుక్కుంటూ పట్టుకెళ్లి, మళ్లీ కొలతలు తీసుకుని వస్తాడు. ఒకసారి తొందరలో ఉండి, అందాజుగా కోసెయ్యమ్మా అన్నాడు. ఆసుపత్రి వాళ్లవి ముప్పై ఆరు తెల్లకోట్లు, వీపు వెడల్పు కొలత లేకుండా కోసేశాను. ముప్పై ఆరు మంది చేతులు ముందుకు చాపలేక దిష్టిబొమ్మల్లా నిలబడ్డారు. ఆ రోజు నుంచి చీటీలో లేని కొలత నా కత్తెరకీ లేదు.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం నా పాత చీటీలే దానికి ప్రశ్నలయ్యాయి. నేను చదివేదాన్ని, అది చెప్పేది.

“ఒకటో వాక్యం, పోయినసారి కుట్టినట్టే. రెండో వాక్యం, పోయినసారి కంటే కాస్త వదులుగా.”

“పోయినసారి చీటీ ఉందా?”

“ఎలకలు కొట్టేశాయి.”

“ఐదో గడి.”

ఇలా ఆడుతూ ఆడుతూ దాని పద్ధతులు నాకూ పట్టుబడ్డాయి. ముందు ప్రశ్న చదివి, ఏం అడిగారో అది మాత్రం మనసులో పెట్టుకోవాలి. రెండో వాక్యాన్ని అరచేత్తో మూసేసి ఒకటో వాక్యాన్ని ఒంటరిగా చూడాలి. తర్వాత ఒకటోదాన్ని మూసి రెండోదాన్ని చూడాలి. అలా చూసేటప్పుడు ఒకటోదాంట్లో చదివింది పూర్తిగా మర్చిపోవాలి. అన్నిటికన్నా కష్టం అదేనంది. నాకు కష్టమనిపించలేదు. ఒకరి నడుము కొలత ఇంకొకరి ప్యాంటుకి వెయ్యకూడదంటే అంతే కదా. రెండూ విడివిడిగా చాలకపోతేనే కలిపి చూడాలి. కాగితం మీద లేనిది మన తలలోంచి తెచ్చి కలపకూడదు. ఇంకొకటి కూడా చెప్పింది. ఇది అవునా కాదా అని అడిగిన చోట, కచ్చితంగా కాదు అని తేలినా సమాచారం చాలినట్టే. కాదు అనేది కూడా జవాబే, తెలీదు అనేదే జవాబు కాదు అంది. ఈ గుడ్డలో రెండు చొక్కాలు వస్తాయా అని అడిగినవాళ్లకి నేను రావు అంటే, సరిగ్గా చూడమ్మా అంటారు. రావు అన్నానంటే చూసినట్టే అని వాళ్లకి ఎన్నిసార్లు చెప్పానో.

బల్ల దగ్గర ఇంత బాగా అర్థమైంది ఇంటికి రాగానే నాకు పనికొచ్చేది కాదు. ఒకరోజు ఏడు దాటినా అది గోదాము నుంచి రాలేదు, ఫోనూ తియ్యలేదు. వచ్చేసరికి నేను వీధి చివర నిలబడి ఉన్నాను, కాళ్లకి చెప్పులు కూడా లేవు. నన్ను నడిపించుకుంటూ ఇంట్లోకి తెచ్చి కూర్చోబెట్టింది.

“ఒకటో వాక్యం, టైము ఏడు దాటింది. రెండో వాక్యం, ఫోన్ తియ్యడం లేదు. అమ్మాయి బతికి ఉందా?” అంది.

నేను కాళ్లకంటిన మట్టి చీర అంచుతో తుడుచుకుంటున్నాను.

“చెప్పమ్మా, ఏ గడి?”

“ఐదోది” అన్నాను.

“మరి నువ్వు ఏ గడి నింపావు?”

నేను నింపిన గడి ఆ పేపర్లో లేదు. ఆసుపత్రి దాకా వెళ్లిపోయాను మనసులో. రక్తం ఎవరిస్తారా అని కూడా ఆలోచించాను.

మా అమ్మాయి ఆదివారాలు వెళ్లే శిక్షణ కేంద్రంలో ఈ ప్రశ్నలు చెప్పే ఆయనకి పిల్లలు మూడో గడి సార్ అని పేరు పెట్టారు. ఆయన చిట్కా ఒకటే. రెండు వాక్యాల్లోనూ అంకెలుండి, అవి ఒకదానితో ఒకటి కలిసేలా కనిపిస్తే ఆలోచించకుండా మూడో గడి నింపి ముందుకెళ్లిపొమ్మంటాడు. జవాబు రాని ప్రశ్న తయారు చెయ్యడానికి వాళ్లకేం పనిలేదా అంటాడు. ఒకరోజు మా అమ్మాయి క్లాసులో లేచి, ఐదో గడి ఉన్నదే అందుకు కదా సార్ అని అడిగిందట. రెండుసార్లు తప్పినవాళ్లు కూడా పాఠాలు చెప్పేవాళ్లేనా అన్నాడట ఆయన. క్లాసంతా నవ్వారు. అది నవ్వలేదు, కూర్చోలేదు కూడా. మీరు చెప్పేది పందెం కాయడం, నేను నేర్చుకోవడానికి వచ్చింది లెక్క అని చెప్పి, పుస్తకాలు సంచిలో పెట్టుకుని వచ్చేసింది.

ఆయన పేపరు దిద్దేవాళ్లకి చుట్టమైతే? దీని నంబరు రాసి పెట్టుకుంటే? వెళ్లి ఒక్క మాట, తప్పయింది సార్ అని చెప్పి రమ్మని రెండు రోజులు బతిమాలాను. “తప్పయితే చెబుతానమ్మా” అంది. అంతకుమించి ఒక్క ముక్క రాలేదు దాని నోటి నుంచి. ఆ మొండితనం వాళ్ల నాన్నదని నేను అందరికీ చెబుతూ ఉంటాను.

పరీక్ష రోజు పక్క కుర్చీలో ఎవరికీ ఫిట్స్ రాలేదు. గేటు దగ్గర నన్ను చూసి నవ్వుతూ వచ్చింది.

“మన ప్రశ్న వచ్చిందమ్మా. గుడ్డ ప్రశ్న.”

ఇంటికొచ్చేదాకా ఆగలేక, అక్కడే నిలబడి చెప్పింది. ఒక దర్జీ దగ్గర దీర్ఘచతురస్రం ఆకారంలో గుడ్డ ఉంది. దానిలోంచి చదరంగా ఉండే బల్లగుడ్డలు గరిష్ఠంగా ఎన్ని కత్తిరించగలడు? ఒకటో వాక్యం, గుడ్డ వైశాల్యం పన్నెండు చదరపు మీటర్లు. రెండో వాక్యం, ఒక్కో బల్లగుడ్డ భుజం ఒక మీటరు.

“పన్నా ఎంత?” అన్నాను.

“ఇవ్వలేదు.”

పన్నా అంటే గుడ్డ వెడల్పు. గుడ్డ తాను విప్పగానే మేము మొట్టమొదట చూసేది అదే. వైశాల్యం అంటూ మాతో ఎవరూ మాట్లాడరు, మాట్లాడినా మేము పన్నా అడక్కుండా వదలం.

“పన్నా ఇవ్వకపోతే ఎలా చెబుతారు? ఐదో గడి” అన్నాను.

“అదే పెట్టాను.” రోడ్డు మీదే నా భుజం చుట్టూ చెయ్యేసింది. ఆ రోజు నాకు ఒక్క చెడ్డ ఆలోచన కూడా రాలేదు. రాకపోవడం చూసి సాయంత్రానికి భయం వేసింది.

నెల తిరక్కుండా మార్కులూ, జవాబుల పట్టికా ఒకేసారి పెట్టారు. గుడ్డ ప్రశ్నకి జవాబు మూడో గడి అని ఉంది. రెండూ కలిస్తే చాలునట. పన్నెండు చదరపు మీటర్లు, ఒక్కోటి ఒక చదరపు మీటరు, కాబట్టి పన్నెండు బల్లగుడ్డలు. మా అమ్మాయికి ముప్పావు మార్కు తక్కువైంది. ఆ ఒక్క ప్రశ్నకి మార్కు వచ్చి, కోసిన పావు తిరిగొస్తే ఉద్యోగం వచ్చినట్టే. లేకపోతే ఇక రాయడానికి వయసు లేదు.

నా బల్ల కింద పెరక్కపోయి ఉంటే దానికి పన్నా గుర్తొచ్చేది కాదు. అందరు పిల్లల్లాగే పన్నెండుని ఒకటితో భాగించి మూడో గడి నింపి వచ్చేసేది. దాని ఉద్యోగం నా కత్తెరే కోసేసిందనుకున్నాను.

అభ్యంతరాలుంటే వారం లోపల రాసివ్వాలని పట్టిక కింద ఉంది. మా అన్నయ్య ముప్పై ఏళ్లు ప్రభుత్వ కార్యాలయంలో చేసి దిగాడు. విషయం తెలిసి ఆ సాయంత్రమే వచ్చాడు. ఆఫీసు తప్పు చేసిందని కాగితం మీద రాసివ్వడం అంటే ఏమిటో మీకు తెలీదన్నాడు. తన రోజుల్లో అలాంటి కాగితాలు ఏ బీరువాలోకి వెళ్లేవో వర్ణించి చెప్పాడు. రాసినవాళ్ల పేరు ఒకసారి ఆఫీసువాళ్ల నోట్లో పడితే జాబితాలోంచి కొట్టేస్తారట, ఏ శాఖలోనూ పైకి రానివ్వరట. ఆయన చెప్పే ఒక్కో మాటకీ నా తల దానంతటదే ఊగుతోంది.

“మావయ్యా, నన్ను ఏ జాబితాలోంచి కొట్టేస్తారు?” అంది మా అమ్మాయి.

“ఏ జాబితాలోంచైనా.”

“నేను ఏ జాబితాలోనూ లేను కదా.”

మా అన్నయ్య నా వైపు తిరిగాడు. “ఏమ్మా, నువ్వైనా చెప్పు దీనికి.”

నేను చెప్పాను. వద్దులేవే, ఎందుకొచ్చిన గొడవ, గోదాము పని ఉంది కదా అన్నాను. అన్నాక దాని మొహం చూశాను. మూడో గడి సార్ క్లాసులో అందరూ నవ్వినప్పుడు దాని మొహం ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది. అది లోపలికి వెళ్లి, ఉబ్బిన కాళ్లు దిండు మీద పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు షాపులో మా యజమానికి చెప్పాను. పాతికేళ్లుగా గుడ్డల వ్యాపారం చేస్తున్న మనిషి. విని, పన్నెండే కదమ్మా, అందులో అనుమానమేముంది అన్నాడు.

నాకు ఎక్కడో కాలింది. కాలర్ల లోపల వేసే గట్టిగుడ్డ తాను దించాను. అది అర మీటరు పన్నాలోనే వస్తుంది. బల్ల మీద విప్పి, విప్పి, బల్ల చాలక నేల మీదికి వదిలి, మిషన్ల మధ్య నుంచి తలుపు దాకా పరిచి, ఇరవై నాలుగు మీటర్ల దగ్గర సుద్దతో గీత గీశాను. మిషన్ల వాళ్లు కాళ్లు పైకి పెట్టుకుని చూస్తున్నారు.

“ఇది పన్నెండు చదరపు మీటర్లు. ఇందులోంచి మీటరుకి మీటరు బల్లగుడ్డ ఒక్కటి చూపించండి” అన్నాను.

ఆయన చూశాడు, తలుపు దాకా నడిచి తిరిగొచ్చాడు. “ఇంత సన్నగుడ్డ అని వాళ్లు చెప్పలేదుగా” అన్నాడు.

“వెడల్పుగుడ్డ అని చెప్పారా?”

గుమ్మం దాకా పరుచుకున్న గుడ్డ చూస్తూ నిలబడ్డాను. ఏడో తరగతి చదివిన నా కళ్లకి అంత స్పష్టంగా కనిపిస్తున్నది తప్పెలా అవుతుంది? ఎవరో ఎత్తు కుర్చీలో కూర్చుని కాదన్నంత మాత్రాన నా బల్ల మీద గుడ్డ వెడల్పవుతుందా? నాకు ఓడ మునుగుతుందని భయం, వర్షం వస్తే గోడ కూలుతుందని భయం. కానీ ఇరవై రెండేళ్లలో గుడ్డ చూసి ఏనాడూ భయపడలేదు. ఆ తాను చుట్టి పైన పెట్టి, మధ్యాహ్నమే సెలవడిగి ఇంటికొచ్చాను. మా అమ్మాయి ఆ రోజు గోదాముకి వెళ్లలేదు, అభ్యంతరం కాగితం అప్పటికే రాసేసి, నాకు చెప్పడం ఎలాగా అని చూస్తోంది.

“ఇంకా ఇవ్వలేదా?” అన్నాను.

“ఇవ్వమంటావా?”

“నాకు భయంగానే ఉంది. ఇవ్వు.”

పది రోజులకి విచారణకి రమ్మని ఉత్తరం వచ్చింది. అభ్యర్థితో పాటు ఒక సాక్షి రావచ్చట. సాక్షి ఎవరని అడిగిన చోట మా అమ్మాయి నాకు చెప్పకుండా నా పేరు రాసింది. వృత్తి అన్నచోట గుడ్డ కత్తిరింపు అని, అర్హత అన్నచోట ఇరవై రెండేళ్లు అని రాసింది. అది చదివి రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. వాళ్లు ఇంగ్లీషులో అడిగితే? నేను తడబడితే ఆ తడబాటు దీని ఫైల్లో ఎక్కితే? మా అన్నయ్య వచ్చి, సంతకం మాత్రం పెట్టకు అని చెప్పి వెళ్లాడు.

మూడో అంతస్తులో పొడవాటి గది. మధ్యలో పెద్దావిడ ఒకరు, ఆవిడే అధ్యక్షురాలట. ఆమెకి కుడిపక్కన ప్రశ్న తయారు చేసిన ప్రొఫెసర్. ఎడంపక్కన జరిగింది జరిగినట్టు టైపు చేసే అమ్మాయి. పెద్దావిడ ముందే చెప్పేసింది, తనకి లెక్కలు రావని. ప్రొఫెసర్ గారు ఒప్పుకుంటే ఐదో గడి నింపినవాళ్లకి మార్కు ఇస్తారు. ఒప్పుకోకపోతే ఫైలు అక్కడితో మూసేస్తారు, దాని మీద మళ్లీ అర్జీ ఉండదు.

ప్రొఫెసర్ చాలా నెమ్మదిగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. పన్నెండుని ఒకటితో భాగిస్తే పన్నెండు. ఇందులో తెలియాల్సింది ఇంకేం లేదు. నలభై వేల మంది రాస్తే అందులో ముప్పై ఆరు వేల మంది మూడో గడే నింపారు, మీ అమ్మాయికి మాత్రమే గుడ్డ కనిపించిందా అని నన్నడిగాడు.

“ముప్పై ఆరు వేల మంది నింపినా గుడ్డ పన్నా పెరగదు సార్” అంది మా అమ్మాయి.

టైపు చేసే అమ్మాయి వేళ్లు ఆగాయి. రాయాలా వద్దా అన్నట్టు పెద్దావిడ వంక చూసింది. ఆవిడ రాయమని తలూపింది.

ప్రొఫెసర్ గొంతు కొంచెం పెరిగింది. ప్రశ్నని ప్రశ్నలా చూడాలి, ఏ మామూలు గుడ్డకైనా సరిపడా వెడల్పు ఉంటుందని ఎవరైనా అనుకుంటారు అన్నాడు. మా అమ్మాయి ప్రశ్నపత్రం తీసి, మొదటి పేజీలో సూచన చదివింది. ఇచ్చిన సమాచారం తప్ప మరేదీ ఊహించరాదు అని ఉంది అందులో. “ఇది మాకు మాత్రమేనా సార్, మీకు కూడానా?” అని అడిగింది.

“అయినా మిగిలిన ముక్కలు అతికి వాడుకోవచ్చు” అన్నాడాయన.

అప్పటిదాకా నోరు విప్పకూడదనుకున్నాను. నిజంగా అనుకున్నాను. కానీ అతుకు మాట వినేసరికి నా నోరు నన్నడగలేదు.

“అతికితే అది కుట్టడం అవుతుంది బాబూ. మీరు అడిగింది ఎన్ని కత్తిరించగలడు అని. నేను కత్తిరించేదాన్ని. కుట్టేవాళ్లు వేరే ఉన్నారు.”

పెద్దావిడ నా వైపు తిరిగి, మీరేదో తెచ్చినట్టున్నారు, చూపించండమ్మా అంది.

సంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పరిచాను. మీటరుకి బదులు పది సెంటీమీటర్లు పెట్టుకున్నానని ముందే చెప్పాను. మొదటిది నలభైకి ముప్పై. దాని మీద పది సెంటీమీటర్ల చదరపు అట్ట పెట్టి వరసగా గీసుకుంటూ పోయాను, పన్నెండు వచ్చాయి. ప్రొఫెసర్ మొహంలో చిరునవ్వు వచ్చింది. రెండోది ఎనభైకి పదిహేను. గీస్తే ఎనిమిది వచ్చాయి, అంచున ఐదు సెంటీమీటర్ల పట్టీ మిగిలిపోయింది. చిరునవ్వు పోయింది. మూడో కాగితం పొడవాటి పట్టీ, రెండు వందల నలభైకి ఐదు. అది బల్ల చివరి దాకా వెళ్లి టైపు చేసే అమ్మాయి వైపు కిందికి వేలాడింది. మూడూ ఒకే వైశాల్యం అని మా అమ్మాయి హెచ్చవేసి చూపించింది. పెద్దావిడ తనూ కాగితం మీద హెచ్చవేసుకుని, అవును, మూడూ ఒకటే అంది.

నేను చదరపు అట్టనీ, కత్తెరనీ ప్రొఫెసర్ ముందుకి తోశాను.

“ఆ మూడోదాంట్లోంచి మీరే ఒకటి కత్తిరించండి. కత్తిరిస్తే నేను తప్పు ఒప్పుకుని సంతకం పెట్టి వెళ్తాను.”

సంతకం అన్న మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు. మా అన్నయ్య గుర్తొచ్చాడు. రేపటి నుంచి నీటి బిల్లు కూడా మాకు ఎక్కువ వేస్తారేమో అనిపించింది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆయన కత్తెర ముట్టుకోలేదు. అట్ట తీసుకుని పట్టీ మీద పెట్టాడు. రెండు పక్కలా బయటికొచ్చింది. ఇంకో చోట పెట్టాడు. ఏటవాలుగా తిప్పి పెట్టాడు. మూలలు ఇంకా ఎక్కువ బయటికొచ్చాయి. జేబులోంచి కలం తీసి ఏదో రాయబోయి మూత మళ్లీ పెట్టేశాడు.

“ప్రొఫెసర్ గారూ, ఎన్ని వస్తాయి?” అని పెద్దావిడ అడిగింది.

పంకా గాలికి పట్టీ చివర లేచి లేచి పడుతోంది. టైపు చేసే అమ్మాయి వేళ్లు మీటల మీద పెట్టుకుని ఎదురుచూస్తోంది. బయట వరండాలో తర్వాతి అభ్యర్థులెవరో దగ్గుతున్నారు. ఇంత సేపు పలకలేదంటే కోపం వచ్చినట్టే అనుకున్నాను. తనని అవమానించామని రాయిస్తాడనుకున్నాను. అది జీవితమంతా ఆ గోదాములో నిలబడే ఉంటుందనుకున్నాను. ఒక్కొక్కటే వస్తున్నాయి ఆలోచనలు, ఒకదాని వెనక ఒకటి. మా అమ్మాయి మాత్రం నా వైపు చూడకుండా, ఆయన మొహం మీద నుంచి కళ్లు తియ్యకుండా నిలబడింది. కూర్చోమని కుర్చీ చూపించినా కూర్చోలేదు.

గోడ మీద గడియారం ముల్లు ఒక గీత కదిలింది. ఇంకో గీత కదిలింది. ఆయన అట్టని పట్టీ మీద నుంచి తీసి, బల్ల మీద బోర్లా పెట్టి, టైపు చేసే అమ్మాయి వైపు తిరిగాడు.

“ఒక్కటీ రాదు. రాసుకోమ్మా” అన్నాడు.